పదమూడు డిగ్రీల తేడా

పదకొండు దాటి ఐదు నిమిషాలైంది. ఒంటిగంటకి ఆ అమ్మాయిని కోర్టులో నిలబెడతారు. సొంత అక్క తల పగలగొట్టిందని కాగితాలు కూడా రాసేశారు. ఆ కాగితాలు తప్పని ఈలోగా తేల్చకపోతే ఆమె సాయంత్రానికి జైల్లో ఉంటుంది.

నన్ను ఈ కేసులోకి దింపింది ఆ అమ్మాయి అత్తగారు. పొద్దున్న ఏడింటికే వచ్చి మా సోఫాలో కూర్చుంది. "మా కోడలు కోపిష్టిది వదినగారూ. నాతోనే పదిసార్లు పోట్లాడింది. కానీ కొట్టి పారిపోయే రకం కాదు. కొట్టి ఉంటే అక్కడే నిలబడి, అవును కొట్టాను, ఏంచేస్తారు అని అడుగుతుంది" అంది. అత్తగారు కోడలికిచ్చిన యోగ్యతాపత్రాలు నేను చాలా విన్నాను, ఇంత నమ్మదగ్గది వినలేదు. వెంటనే చెప్పులేసుకున్నాను.

నా గురించి ఒక్క ముక్క. ఇరవై రెండేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేశాను. కాలిపోయిన యంత్రాన్ని చూసి అదెందుకు కాలిందో చెప్పడం నా ఉద్యోగం. వెనకాల నన్ను థర్మామీటరమ్మ అనేవారు. మొదట్లో ఒళ్ళు మండేది, పోనుపోను అలవాటైంది. రిటైరయ్యాక చేతులు ఊరుకోక డిటెక్టివ్ పని మొదలుపెట్టాను.

మేడమీది గదిలో అడుగుపెట్టేసరికి ఇన్‌స్పెక్టర్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. పోయిన ఏడాది ఒక మిల్లు కేసులో ఆయన పట్టుకున్న మనిషిని నేను విడిపించాను. ఆ పుండు ఇంకా మానలేదు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేడమ్?" అన్నాడు. "కేసు అయిపోయింది."

"అయిపోతే మీరింకా ఇక్కడెందుకున్నారు?"

"జరిగింది జరిగినట్టు ఆ అమ్మాయి చేత ఓసారి చూపిద్దామని తీసుకొచ్చాను. పన్నెండున్నరకి బయల్దేరతాం. అప్పటిదాకా చూసుకోండి, నాకేం అభ్యంతరం లేదు." దారి ఇచ్చాడు. అహంకారం ఉన్నా అన్యాయం చేసే మనిషి కాదు, అది ఒప్పుకోవాలి.

జరిగిందేమిటో ఆయన నాలుగు ముక్కల్లో చెప్పాడు. దెబ్బతిన్నావిడ ఎడిటరు, ఇంట్లోనే ఈ గదిలో కంప్యూటరు మీద సినిమాలు కూరుస్తుంది. నిన్న మూడూ పదికి అక్కాచెల్లెళ్ళు గట్టిగా అరుచుకోవడం కింది వాటావాళ్ళు విన్నారు. మూడూ ఇరవైకి చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ గేటు దాటడం వాచ్‌మన్ చూశాడు. ఆ తర్వాత గేటులోంచి ఎవరూ లోపలికి రాలేదు. నాలుగున్నరకి భర్త ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆవిడ కుర్చీ పక్కన నెత్తురుమడుగులో పడి ఉంది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది, ఇంకా స్పృహ రాలేదు. కంప్యూటరు లోపలుండే పెద్ద డిస్కు పోయింది. ఆవిడ కొత్త సినిమా మొత్తం దాంట్లోనే ఉంది.

గదిలో ఇంకొకాయన కూడా ఉన్నాడు. కిటికీ పక్క కుర్చీలో, ఇస్త్రీ చొక్కా జేబుకి నాలుగు పెన్నులు పెట్టుకుని కూర్చున్నాడు. కంప్యూటర్ ఇంజినీరు. స్టేషన్లో అలాంటివి తెలిసినవాళ్ళు లేకపోతే, మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే మంచివాడున్నాడు అని ఎడిటరమ్మ భర్తే నిన్న సాయంత్రం పిలిపించాడట. ఆయనిచ్చిన రిపోర్టు ఇన్‌స్పెక్టర్ ఫైల్లో ఉంది. అడిగి చదివాను. ఈ ఇంటికి రావడం ఇదే మొదటిసారని, తెర మీద చూడగలిగినవి చూశానని, పెట్టె మూత తియ్యలేదని, వేళలు తెలిపే రికార్డులేవీ లోపల దొరకలేదని రాసి సంతకం పెట్టాడు.

"మూత తియ్యకుండానే డిస్కు పోయిందని ఎలా తెలిసింది?" అన్నాను.

"తెర మీద కనపడదు కదండీ. లేని డిస్కు ఎలా కనపడుతుంది?" అన్నాడు మర్యాదగా. సమాధానం సబబుగానే ఉంది.

చెల్లెలు గోడవారగా బల్ల మీద కూర్చుని ఉంది. లైబ్రరీలో ఉద్యోగం. రాత్రంతా నిద్ర లేనట్టుంది, అయినా నడుం నిటారుగానే ఉంది. నేను పక్కన కూర్చున్నాను.

"మీ అత్తగారు పంపించారమ్మా. నిన్న అక్కతో దేనికి పోట్లాడావు?"

"ఇంటి విషయం."

"ఏ విషయం?"

"చెప్పను. చెప్తే ఒకళ్ళ ఉద్యోగం పోతుంది. అక్క లేచాక, చెప్పొచ్చా అని దాన్ని అడిగి చెప్తాను."

"ఈలోగా నువ్వు జైలుకి పోతావు."

"పోతాను" అంది. అత్తగారు అబద్ధం చెప్పలేదు, మొండిఘటమే.

"గేటు దాటాక ఎక్కడికెళ్ళావు?"

"లైబ్రరీకి. మూడూ నలభైకల్లా కౌంటర్లో ఉన్నాను. యాభై మంది చూశారు."

"అదెవరూ కాదనడం లేదు. కొట్టాకే వెళ్ళింది" అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనకనుంచి.

లేచి కంప్యూటరు దగ్గరికెళ్ళాను. బల్ల కింద నల్లటి పెట్టె. ముందు వైపు ఫ్యాను వేగం పెంచే గుండ్రటి మీట. పక్క గోడకి థర్మామీటరు, దాని కింద ఎర్ర అట్ట మీద పెద్ద అక్షరాలు, 'ఎనభై ఐదు దాటితే ఆపెయ్యి' అని. నాకు ఈ ఎడిటరమ్మ మీద అమాంతం ప్రేమ పుట్టుకొచ్చింది.

"మీ అక్కకి ఈ వేడి పిచ్చి ఎప్పట్నించీ?"

చెల్లెలి మొహంలో మొదటిసారి కాస్త నవ్వు కనిపించింది. "రెండేళ్ళ కిందట ఎండాకాలంలో మిషను మాడిపోయి నాలుగు నెలల పని పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పట్నించీ నిమిషనిమిషానికీ వేడెంతో చూస్తూనే ఉంటుంది. అన్నం తింటూ కూడా వచ్చి చూసిపోతుంది. పెద్ద పని మొదలుపెట్టాలంటే ముందు ఫ్యాను మీట పూర్తిగా తిప్పుతుంది, ఆ తర్వాతే మిషనుకి పని చెప్తుంది. వేడెక్కాక గాలి కొడితే ఏం లాభం అంటుంది."

"లోపల దుమ్ము దులుపుతుందా?"

"మూత ముట్టుకోదు. తీస్తే ఏదో ఊడిపోతుందని భయం. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు కూడా. కొన్నప్పట్నించీ తియ్యలేదు."

స్క్రూలు తీసి మూత పక్కన పెట్టాను. టార్చి వేసి చూశాను. పెట్టె అడుగున, మూలల్లో రెండేళ్ళ దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. ప్రాసెసర్ మీద వేడి లాగడానికి అల్యూమినియం రేకులుంటాయి, వాటి మీదొక చిన్న ఫ్యాను. ఆ రేకులు మాత్రం కడిగిన కంచంలా మెరుస్తున్నాయి. నేను మారు మాట్లాడకుండా ఫ్యాను మధ్యనున్న గుండ్రటి స్టిక్కరు మీదికి టార్చి ఏటవాలుగా పెట్టి చూసి, మూత మళ్ళీ బిగించాను. కొన్ని సంగతులు కాసేపు కడుపులో పెట్టుకోవాలి.

"వేడి లెక్క ఎక్కడ రాస్తుంది మీ అక్క?"

"రాయక్కర్లేదు, ప్రోగ్రామే రాసుకుంటుంది."

"అలాంటి ప్రోగ్రామేదీ లేదండీ" అన్నాడు ఇంజినీరు. "అన్నీ వెతికాను."

"లేకపోవడమేంటి?" చెల్లెలు విసుగ్గా అంది. "నిమిషనిమిషానికీ రాసుకున్న ఆ అంకెలన్నీ కలిపి అరగంటకోసారి నా ఫోనుకి కూడా వస్తాయి. అది ఊళ్ళో లేనప్పుడు నేను చూసి చెప్పాలట. రోజుకి నలభై ఎనిమిది మెసేజిలు. ప్రాణం విసిగి, మోగకుండా పెట్టేశాను. ఏడాదిగా ఒక్కటీ తెరవలేదు."

"నీ ఫోనెక్కడమ్మా?" అన్నాను.

ఇన్‌స్పెక్టర్ సంచీ వైపు చూపించింది. సీలు వేసిన కవరులో ఉంది.

"కుదరదు" అన్నాడాయన. "సీలు వేసింది కోర్టులోనే తియ్యాలి."

"సీలు వేసింది మీరు, తీసేదీ మీరు. సాక్షిగా నేనున్నాను, ఇంజినీరు గారున్నారు. తీసినట్టు కాగితం రాయండి. దాంట్లో ఏమీ లేకపోతే ఈ జన్మలో మీ కేసు గుమ్మం తొక్కను."

ఆ చివరి మాటకి ఆశపడ్డాడు పాపం. కాగితం రాసి, సంతకాలు తీసుకుని, కవరు చింపాడు. ఇంజినీరు సంతకం పెడుతుంటే పెన్ను రెండుసార్లు ఆగింది.

తెరవని మెసేజిలు వేలల్లో ఉన్నాయి. నిన్న మధ్యాహ్నానివి తీసి బల్ల మీద పెట్టి, ఇన్‌స్పెక్టర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. పాఠం చెప్పే అవకాశం నేనెప్పుడూ వదులుకోను.

"మూడూ ఇరవై మూడు. ప్రాసెసర్ వేడి యాభై ఒకటి, ఫ్యాను నిమిషానికి తొమ్మిది వందల చుట్లు. మిషను ఖాళీగా ఉంది. మూడూ ఇరవై నాలుగు, వేడి అదే యాభై ఒకటి, ఫ్యాను మాత్రం రెండువేల ఒక వంద. ఇరవై ఐదుకి వేడి అరవై మూడు. ఇరవై ఏడుకి డెబ్భై ఎనిమిది. ఏమర్థమైంది?"

"ఫ్యాను జోరుగా తిరిగింది."

"ఎప్పుడు? వేడెక్కాకా, ఎక్కకముందా?"

ఆయన మళ్ళీ చూశాడు. "ముందు."

"దానంతటది తిరిగే ఫ్యాను వేడెక్కాకే జోరందుకుంటుంది. వేడెక్కకముందే జోరందుకుందంటే మీట ఎవరో చేత్తో తిప్పారు. ముందు మీట తిప్పి తర్వాత పని చెప్పే మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉంది. మూడూ ఇరవై నాలుగుకి ఎడిటరమ్మ బతికి, బాగుండి, తన కుర్చీలో కూర్చుని పనిచేసుకుంటోంది. అప్పటికి నాలుగు నిమిషాల ముందే చెల్లెలు గేటు దాటిందని చెప్పింది మీ వాచ్‌మనే."

చెల్లెలు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. రాత్రంతా నిటారుగా ఉన్న ఆ నడుం అప్పుడు వంగింది. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడం ఎందుకు.

ఇన్‌స్పెక్టర్ మాత్రం అంత తేలిగ్గా వదలడు. "చెల్లెలే వెనక్కొచ్చి ఉండొచ్చుగా? వెనక మెట్ల తలుపుంది."

"చదవండి. మూడూ ముప్పై ఒకటికి అంకెలు ఆగాయి, మిషను ఆపేశారు. మళ్ళీ మూడూ యాభైకి మొదలయ్యాయి. ఆ పంతొమ్మిది నిమిషాల్లో డిస్కు ఊడదీశారు. ఆ టైములో ఈ అమ్మాయి యాభై మంది ఎదురుగా పుస్తకాల మీద ముద్రలేస్తోంది. మీరే ఒప్పుకున్నారు. ఇప్పుడు అసలు సంగతి. మీట తిప్పడానికి ముందు, మిషను ఖాళీగా ఉన్నప్పుడు వేడెంత?"

"యాభై ఒకటి."

"సాయంత్రం నాలుగున్నరకి? మిషను ఖాళీ, ఫ్యాను మళ్ళీ తొమ్మిది వందలే, లోపలికి పోయే గాలి వేడిలో తేడా లేదు."

"ముప్పై ఎనిమిది." ఆయన తలెత్తాడు. "పదమూడు డిగ్రీలు ఎలా తగ్గింది?"

"ఇరవై రెండేళ్ళ అనుభవంతో చెప్తున్నాను, దానికి ఒక్కటే కారణం. రేకుల మధ్య దుమ్ము ఎవరో తీసేశారు. నేనిందాక మూత తీసి చూశాను. పెట్టంతా దుమ్మే, రేకులు మాత్రం తళతళలాడుతున్నాయి. మనిషి తల పగలగొట్టి, డిస్కు దొంగిలించి, పోయేముందు ఫ్యాను శుభ్రం చేసి వెళ్ళాడు దొంగ."

"పిచ్చివాడా?"

"పనివాడు. ఇంకొక్క అంకె చూడండి. ఇవి నిన్న సాయంత్రం ఆరూ నలభై దాకా వస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కటీ లేదు. ఆరూ నలభైకి ఈ మిషను ముందు ఎవరు కూర్చున్నారు?"

ఇన్‌స్పెక్టర్ కిటికీ వైపు మెల్లగా తిరిగాడు. ఇంజినీరు నవ్వడానికి ప్రయత్నించాడు. "నేను మిషను ఆపేశాను సార్, అందుకే ఆగాయి. దానికి నన్నంటే ఎలా?"

అదీ సబబే, దానికే ఎవర్నీ పట్టుకోలేం. నేను వరండాలోకొచ్చి అత్తగారికి ఫోన్ చేశాను. వాళ్ళిల్లు పక్క వీధే.

"మీ ఇంట్లో పాత కంప్యూటరుందా?"

"ఉంది వదినగారూ, పదేళ్ళుగా మూత తియ్యలేదు."

"అదే కావాలి. దులపకుండా తీసుకురండి."

"ఆ దుమ్ముతోనా? పరాయివాళ్ళింటికా?" ఆవిడకి ప్రాణం ఒప్పలేదు. కోడలి కోసం ఒప్పుకుంది.

పావుగంటలో ఆటో దిగింది. పెట్టె పైన మాత్రం తడిగుడ్డ పెట్టి తుడిచేసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, నా పథకమంతా ఆ సామెత మీదే నిలబడి ఉంది. పెట్టెని ఇంజినీరు ముందు బల్ల మీద పెట్టించి, మూత నేనే తీశాను. లోపల పిచ్చుకగూడంత దుమ్ము.

"ఇది ఊరికే ఆగిపోతోంది బాబూ" అంది అత్తగారు, నేను నేర్పినట్టే. "వీళ్ళ మాటలయ్యేలోగా కాస్త చూసి పెట్టవా?"

"ఇప్పుడు కాదమ్మా" అన్నాడు. చూపు మాత్రం పెట్టె లోపలే ఉంది.

నేను వీపు తిప్పి ఇన్‌స్పెక్టర్‌తో వాదన పెట్టుకున్నాను. వాచ్‌మన్ గడియారం గురించి, వెనక తలుపు తాళం గురించి, నోటికొచ్చినవన్నీ అడిగాను. నా ఎదురుగా ఎడిటరమ్మ కంప్యూటరు తెర నల్లగా ఉంది, దాంట్లో కిటికీ, కుర్చీ, మనిషి కనిపిస్తున్నారు. ఒక నిమిషం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రెండో నిమిషంలో కుర్చీ ముందుకి జరిపాడు. మూడో నిమిషంలో అతని కుడి చెయ్యి జేబులోకి వెళ్ళి, పెన్నుల మధ్యనుంచి సన్నటి బ్రష్షు తీసింది. ఎడమ బొటనవేలు ఫ్యాను మధ్య గట్టిగా నొక్కిపెట్టి, రేకుల మధ్య దుమ్ము తీయడం మొదలుపెట్టాడు. ఎంత ఒద్దికగా, ఎంత శ్రద్ధగా చేశాడో. పసిపిల్ల తల దువ్వే తల్లి కూడా అంత ఓపిగ్గా దువ్వదు.

నేను వెనక్కి తిరిగాను. "ఆ బొటనవేలు అలా ఎందుకు పెట్టారండీ?"

"ఫ్యాను తిరక్కుండా" అన్నాడు తలెత్తకుండానే. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "దులిపేటప్పుడు వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది. పని సరిగ్గా నేర్చుకున్నవాడెవడూ ఫ్యానుని తిరగనివ్వడు."

"నిన్న ఈ పెట్టె దులిపినతను కూడా పని సరిగ్గా నేర్చుకున్నవాడే" అంటూ ఎడిటరమ్మ కంప్యూటరు మూత తీశాను. "ఇన్‌స్పెక్టర్ గారూ, మీవాళ్ళు వేలిముద్రల కోసం కీబోర్డు చూశారు, తలుపు చూశారు, పెట్టె పైనంతా చూశారు. అవన్నీ అతను తుడిచేశాడు. ఇక్కడ మాత్రం తుడవలేదు. పని చేసేటప్పుడు అక్కడ వేలు పెట్టినట్టు వాళ్ళకే గుర్తుండదు." ఫ్యాను మధ్య స్టిక్కరు మీదికి టార్చి ఏటవాలుగా పెట్టాను. నిండు బొటనవేలి ముద్ర. దాని మధ్యగా పాత గాటు గీత, ఈ మూల నుంచి ఆ మూలకి.

ఇన్‌స్పెక్టర్ నాలుగడుగుల్లో కిటికీ దగ్గరికెళ్ళి, ఇంజినీరు ఎడమ చెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పాడు. రేకు అంచు ఎప్పుడో కోసిన మచ్చ, బొటనవేలికి అడ్డంగా, అదే వాలులో.

"మూత తియ్యలేదని రాసిచ్చావు" అన్నాడు. ఆయన గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఈ ఇంటికి రావడమే మొదటిసారన్నావు."

ఇంజినీరు బ్రష్షు కింద పెట్టాడు. అబద్ధం ఆడదామని నోరు తెరిచి, మూతలు తీసిన రెండు పెట్టెలూ చూసి, మూసేశాడు. తల వంచుకుని అన్నాడు, "కొట్టాలని రాలేదు సార్. ఆవిడ నిద్రపోయే టైమన్నారు. లేచి అరవబోయింది, భయమేసి తోశాను, బల్ల అంచు తగిలింది. డిస్కు తీద్దామని మూత తీస్తే లోపలంతా దుమ్ము. మిషను ఊపిరాడక కొట్టుకుంటోంది. చూస్తూ వదిలెయ్యలేకపోయాను. దులిపి, ఫ్యాను మీట తగ్గించి, మిషను ఆన్ చేసి చూశాకే వెళ్ళాను."

"పక్కన మనిషి ఊపిరి కొట్టుకుంటుంటే వదిలేశావు కదరా" అన్నాను. ఉద్యోగంలో ఎప్పుడూ అంత కోపం రాలేదు నాకు. ఆ పంతొమ్మిది నిమిషాల్లో ఒక్క ఫోను చేసుంటే ఆవిడ ఈపాటికి లేచి కూర్చునేది.

అత్తగారు వెళ్ళి కోడలి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుంది. పన్నెండుంపావు. కోర్టుకి నలభై ఐదు నిమిషాల ముందే కేసు తలకిందులైంది. గెలిచినప్పుడు ఎలా ఉంటుందో చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది, దాచను, హాయిగా ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఫైల్లోంచి కాగితాలు తీసి, చెల్లెలి ముందే నాలుగు ముక్కలు చేశాడు. "అమ్మా, పొరపాటైంది. క్షమించు" అన్నాడు. ఆ మాట ఆయన నోట వస్తుందని నేననుకోలేదు. తర్వాత ఇంజినీరు వైపు తిరిగాడు. "ఆవిడ నిద్రపోయే టైమని ఎవరన్నారు? వెనక తలుపు తాళంచెవి ఎవరిచ్చారు? డిస్కు ఎవరి దగ్గరుంది?"

ఇంజినీరు బ్రష్షు వైపే చూస్తూ అన్నాడు. "మూడూ ఒకరే సార్. ఆవిడ భర్త."

చెల్లెలు లేచి నిలబడింది. "ఆ గోడౌన్ సినిమా" అంది. "పోయినేడు గోడౌన్ తగలబడి ఇద్దరు పోయారే, దాని మీద తీసింది అక్క. మంటలార్పే నీళ్ళ గొట్టాలకి తాళాలేసి ఉండటం ఎవరో వీడియో తీశారు. అది దాని చేతికొచ్చింది. అంతకుముందు అక్కడ తనిఖీ చేసి, అంతా భద్రంగా ఉందని సంతకం పెట్టింది బావే. బావకి ఒక్కమాట చెప్పి బయటపెట్టు, మనిషి తట్టుకోలేడు అని నేనే పోట్లాడాను. బావ ఉద్యోగం పోకూడదనే రాత్రంతా నోరు మూసుకున్నాను."

నేను ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను. "ఇప్పుడు ఆసుపత్రిలో అక్క దగ్గర ఎవరున్నారు?"

ఇన్‌స్పెక్టర్ మొహం పాలిపోయింది. "ఆయనొక్కడే. భర్త ఉన్నాడు కదా అని పొద్దున్నే కాపలా తీసేశాను." అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. నర్సు ఎత్తేదాకా పట్టిన ఆరు సెకన్లు నేను లెక్కపెట్టాను.

ఫోను పెద్ద శబ్దంతో పెట్టాడు. నర్సు గొంతు చికాగ్గా వినిపించింది. "అరగంటైందండీ కళ్ళు తెరిచి. పక్కనున్నాయన్ని చూసి వణికిపోయింది, నేనే ఆయన్ని బయటికి పొమ్మన్నాను. పోనంటే వార్డు మొత్తాన్ని పిలిచి పంపించాను. మాట ముద్దగా ఉంది గానీ, ఒకటే అడుగుతోంది, మా చెల్లెల్ని పిలవండి అని. ఆ చెల్లెలెవరో మీకు తెలుసా?"

"తెలుసు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "గది లోపల గడియ వేసుకోండి. మేమొచ్చేదాకా ఎవరొచ్చినా తియ్యొద్దు. ఆయనెటు వెళ్ళాడు?"

"మెట్ల దగ్గరే తిరుగుతున్నాడండీ. ఇందాక వచ్చి తలుపు తోశాడు కూడా."

ఆ మాట పూర్తయ్యేలోగా చెల్లెలు గుమ్మం దాటింది. అరెస్టయిన మనిషి అడగకుండా పోతుంటే ఆపవలసిన ఇన్‌స్పెక్టర్, ఇంజినీరుని కనిపెట్టమని కానిస్టేబుల్‌కి కేకేసి, ఆమెకంటే ముందు మెట్లు దిగి, జీపు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.